నాలుగు మూలల పసుపు

ఇస్త్రీపెట్టె కింద తడిబట్ట చుయ్యిమంది.

ఆవిరి... పాత నూలు వాసన.

బహ్రెయిన్‌లో, రిఫా ఊళ్ళోని ఆ ఇంట్లో పనంతా నాగమల్లేశ్వరిదే. ముసలావిడ ఇలోనాను చూసుకునేదీ ఆమే. ఇలోనాది హంగరీ. నాగమల్లేశ్వరికి మాత్రం మామ్మగారు — ఆ పిలుపుకు ఆవిడ చక్కగా పలుకుతుంది.

ఇస్త్రీ అవుతున్నది తెల్లటి తలరుమాలు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన పదేళ్ళకు, హంగరీ ప్రభుత్వం పోలండ్‌కు ఒక నాట్యబృందాన్ని పంపింది. స్నేహం పెంచి రమ్మంది. పెద్దలు ఉపన్యాసాలు దంచారు. ఆడపిల్లలు అవేవీ పట్టించుకోలేదు — రుమాళ్ళు మార్చుకున్నారు. ఆ బృందంలోని ఇలోనాకు, జోఫియా అనే పోలండ్ పిల్లది వచ్చింది.

అంచున నీలిపూలు. జోఫియా తల్లి చేతికుట్టు. ఆ తల్లిది ఇంకేమీ మిగల్లేదు, ఒక్క ఫొటో కూడా.

జోఫియా మనవరాలికి ఇక్కడే, బహ్రెయిన్‌లో ఉద్యోగం. ఆమెను చూడ్డానికి జోఫియా వచ్చింది. ఈ మధ్యాహ్నం ఇలోనా ఇంటికి వస్తోంది. రుమాలు తిరిగి ఇచ్చెయ్యాలి.

బట్ట పెడుతూ పసుపు పెట్టకపోతే ఎలా? నాగమల్లేశ్వరి మనసు ఒప్పలేదు. నాలుగు మూలలా నాలుగు చుక్కలు పెట్టింది. ఎంత ముచ్చటగా పెట్టిందో, పిచ్చిది!

ఇలోనా చూసింది. కుర్చీలో కూలబడింది.

నాగమల్లేశ్వరి గబగబా సబ్బు రుద్దింది. పసుపు కాస్తా ఎర్రబడింది... తెలియని సంగతేం కాదు. కంగారులో గుర్తుంటేగా!

ఫోన్‌లో నరసాయమ్మ పిన్ని, అదే దేశంలో గలాలీ అనే ఊళ్ళో వంటపని చేసే మనిషి, తిట్టిపోసింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉందే! పసుపు మీద సబ్బు రుద్దుతారా ఎవరన్నా? బాగా జాడించి ఎండలో వెయ్యి. అదే పోద్ది."

జాడించింది. ఎరుపు పోయింది, పసుపు మిగిలింది. బాల్కనీలో ఆరేసింది. ఆరగానే మళ్ళీ తడిపింది, మళ్ళీ వేసింది. రోజూ తిట్టుకునే ఎండకు ఈ రోజు దండం పెట్టింది.

కొంచెం వెలిసింది... ఇంకొంచెం...

తలుపు దగ్గర గంట మోగింది.

ఇద్దరు ముసలమ్మలు. ఒకరి భాష ఒకరికి అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. చేతులు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

ఇలోనా తల వంచుకుని బాల్కనీ చూపించింది.

"ఒక్క గంట ఆగండమ్మా, పోద్ది. నాదే తప్పు." నాగమల్లేశ్వరి తెలుగులోనే ఏడ్చింది.

జోఫియా ఆగలేదు. తడి రుమాలు తీసుకుంది. పూలన్నీ వేలితో తడిమింది, ఒక్కొక్కటే. పసుపు దగ్గర వేలు ఆగింది. నాగమల్లేశ్వరి పసుపు వేళ్ళ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

రుమాలు తల మీద వేసుకుంది. గడ్డం కింద ముడి పడలేదు, వేళ్ళు వంగడం లేదు. దగ్గరికి రమ్మని నాగమల్లేశ్వరికి సైగ చేసింది.

రెండు పసుపు మూలలు పట్టుకుని, నాగమల్లేశ్వరి ముడి వేసింది.

నీళ్ళు జోఫియా మెడ మీదికి కారుతున్నాయి... ఆవిడ తుడుచుకోలేదు.