ఖాళీ తొర్ర

జలపాతం వైపు ఆ మనిషి కన్నెత్తి కూడా చూడలేదు. జొసిల్డాకి అనుమానం బలపడింది అక్కడే.

కరీబియన్ దీవి డొమినికా కొండల్లో గైడుగా ఆమె ఎంతమందిని తిప్పలేదు! ఓడ దిగి వచ్చినవాళ్లెవరైనా ఆ నీళ్ల కింద నిలబడి, చేతులు బారచాపి, ఫొటో దిగందే కదలరు. హాలండు నుంచి వచ్చిన ఈ యోరిస్ మాత్రం జలపాతానికి వీపు పెట్టి చెట్ల కొమ్మల్లోకి చూస్తున్నాడు. అరవై దాటిన పొడుగాటి మనిషి. భుజాన పెద్ద సంచి. మోస్తానంటే ఇవ్వలేదు. "వద్దండీ, నా దగ్గరే ఉండనివ్వండి" అంటూ పట్టీ ఇంకాస్త బిగించుకున్నాడు.

అవి జాకో చిలుకలు పిల్లల్ని పెట్టే రోజులు. పెద్ద తుఫాను అడవిని ఊడ్చేశాక మిగిలినవే కాసిని. వాటిలోనూ పోయినేడు కొన్ని తొర్రల్లోంచి పిల్లల్ని ఎవరో ఎత్తుకుపోయారు. పడవలో పక్క దీవికి, అక్కణ్ణించి ఎక్కడికో. దొంగ దొరకలేదు. అప్పట్నించీ పెద్ద సంచితో వచ్చిన ప్రతివాడూ జొసిల్డా కంటికి దొంగలాగే కనిపిస్తున్నాడు.

పొద్దున జీపు దిగేటప్పుడు ఆల్బన్ కూడా అదే మాట చెవిలో వేశాడు. ఆల్బన్ ఆమె అక్క మెరీనా మొగుడు. జొసిల్డా తెచ్చే టూరిస్టుల్ని కొండ రోడ్డు దాకా తన జీపులో దింపుతుంటాడు.

"ఆ సంచి చూశావా జొసీ? అందులో ఏముందో దేవుడికే తెలియాలి. ఆయన మీద ఓ కన్నేసి ఉంచు."

"నువ్వూ రారాదూ బావా?"

"నా మోకాళ్ల సంగతి తెలిసీ అడుగుతావేం? రోడ్డు మీదే ఉంటా. నిదానంగా అన్నీ చూపించుకుని రా."

జలపాతం దాటితే పాత కాఫీ తోట శిథిలాలు. కూలిన గోడల మధ్య తుప్పు పట్టిన నీటి చక్రం, దాని ఆకుల నిండా నాచు. అక్కడికి రాగానే యోరిస్ ఆగిపోయాడు.

"నేనిక్కడ కాసేపు ఒక్కణ్ణీ కూర్చుంటాను. మీరు ముందు నడుస్తూ ఉండండి."

జొసిల్డా సరేనని, మలుపు తిరిగి, గోడ వెనక నక్కింది. రాళ్ల సందులోంచి చూసింది. ఆయన సంచిలోంచి బొచ్చు తొడుగున్న పొడుగాటి గొట్టం ఒకటి తీశాడు. తర్వాత చిన్న పెట్టె మీట నొక్కాడు. అందులోంచి జాకో కూత వచ్చింది! చిలుకల్ని పట్టేవాళ్లు చేసే పని అదే. కూత వినిపించి దగ్గరికి రప్పిస్తారు. అదృష్టం, ఒక్క పక్షీ బదులు పలకలేదు.

ఆయన వచ్చి కలిశాక ఇద్దరూ పైకి ఎక్కడం మొదలుపెట్టారు. ఆ కొండరాతిలో మెట్లు పారిపోయిన బానిసలు చెక్కుకున్నవి. ఆ చెక్కిన చేతుల్లో తన అమ్మమ్మ పూర్వీకులవీ ఉన్నాయని అందరికీ గర్వంగా చెప్పుకునేది, ఈయనకి చెప్పబుద్ధి కాలేదు.

మెట్ల మధ్యలో యోరిస్ రొప్పుతూ అడిగాడు. "పైన గొమ్మియే చెట్టు తొర్రలో గూడుంది కదూ?"

జొసిల్డా గిరుక్కున తిరిగింది. "మీకెవరు చెప్పారు?"

"ఇంతకు ముందోసారి వచ్చాన్లెండి." ఆమెని దాటుకుని పైకి ఎక్కసాగాడు.

చెట్టు కనిపించక ముందే అరుపులు వినిపించాయి. రెండు జాకోలు కొమ్మల మీద గిరగిరా తిరుగుతూ గొంతు చించుకుంటున్నాయి. మాను పొడుగునా చెట్టెక్కే ఇనుప కొక్కేల గాట్లు. గాట్లలోంచి తెల్లటి బంక ఇంకా కారుతోంది. తొర్ర అంచున పచ్చటి ఈకలు చిక్కుకుని ఉన్నాయి. గూడు ఖాళీ.

"సంచి తెరవండి" అంది జొసిల్డా.

"ఏమిటీ?"

"తెరవమన్నానా! మీరు కూత కూయించడం నా కళ్లతో చూశాను."

యోరిస్ మొహం ఎర్రబడింది. సంచి రాతి మీద గుమ్మరించాడు. వైర్లు, రికార్డరు, చెవులకి పెట్టుకునేవి, జున్ను ముక్క, రొట్టె. "ఇది మైకు. గాలి హోరు పడకుండా ఈ తొడుగు. నేను పక్షుల గొంతులు రికార్డు చేసేవాణ్ణి. కూత వినిపించింది అవి బదులిస్తాయేమోనని. సరేనా? ఇప్పుడు మీ సంచి తెరవండి."

"నా సంచా!"

"మీదే. పోయినసారి ఫారెస్టు గార్డు నాకీ గూడు చూపిస్తూ, ఇది తెలిసిన గైడు జొసిల్డా ఒక్కతేనన్నాడు. తర్వాత పిల్లలు మాయమయ్యాయని విన్నాను. మిమ్మల్నే గైడుగా ఎందుకు అడిగాననుకున్నారు? మీ మీద కన్నేసి ఉంచడానికి."

జొసిల్డాకి ఒళ్లు మండిపోయింది. సంచి తలకిందులు చేసి దులిపింది. వానకోటు పడింది. ఉప్పు చేప కూరిన వేపుడు రొట్టెలు రాళ్ల మీద దొర్లుకుంటూ పోయాయి. యోరిస్ ఒకటి వంగి తీసి, మట్టి ఊది, ఇబ్బందిగా ఆమె చేతిలో పెట్టాడు.

"మరి గార్డుకీ మీకూ కాక ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ..." అని ఆగిపోయింది.

మొన్న ఈస్టరు నాడు అక్కయ్య ఇంట్లో, రమ్ము కాస్త ఎక్కువై, భోజనాల దగ్గర, ఈ గూడు తనకి తెలుసని తనే గొప్పలు పోయింది. ఆల్బన్ కొసరి కొసరి వడ్డిస్తూ, "ఏ వైపు చెట్టు జొసీ?" అని అడిగాడు. తను చెప్పింది.

ఆ సంగతి యోరిస్‌కి చెప్పలేదు. దిగుతున్నంతసేపూ, కాకూడదు, కాకూడదు అనుకుంటూనే ఉంది.

జీపులో రేడియో చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఆల్బన్ చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

"అప్పుడే వచ్చేశారేం?"

"రేడియో కట్టెయ్ బావా."

"మంచి పాట, ఉండనీ."

జొసిల్డా కిటికీలోంచి చెయ్యి పెట్టి తనే కట్టేసింది. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. తర్వాత వెనక సీటు కిందనుంచి సన్నగా, గరగరమంటూ, ఆకలి ఏడుపు.

చేపలకి వాడే ఐసు పెట్టె అది. మూతకి చిల్లులు. లోపల పాత తువ్వాలు మీద రెండు పిల్లలు, ఈకలు సరిగా రాని మెడలు చాచి నోళ్లు తెరిచాయి.

"అరవకు జొసీ" అన్నాడు ఆల్బన్ లోగొంతుకతో. "తుఫాను పోయి ఇన్నాళ్లయినా మీ అక్క ఇంటి మీద ఇంకా టార్పాలినే ఉంది. ఎవడొచ్చాడు కప్పు వెయ్యడానికి?"

"పొద్దున ఆయన సంచి మీద నాకు అనుమానం పెట్టింది ఇందుకా?"

ఆమె సీటు కింద చెయ్యి పెట్టి, చెట్టెక్కే ఇనుప కొక్కేల్ని బయటికి లాగింది.

"కొక్కేలు తొడుక్కో" అంది జొసిల్డా. "ఆ మోకాళ్లతోనే మళ్లీ ఎక్కు."

పొద్దున ఆల్బన్ వాడిన అడ్డదారినే ముగ్గురూ పెట్టె తీసుకుని చెట్టు దగ్గరికి వెళ్లారు. ఆల్బన్ ఎక్కాడు. కింద ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, పక్కన యోరిస్ తలెత్తి చూస్తూ నిలబడ్డారు. పిల్లల్ని తొర్రలో దించి ఆల్బన్ కిందికొచ్చాక ముగ్గురూ దూరంగా పొదల్లో కూర్చున్నారు. చాలాసేపటికి తల్లి జాకో కొమ్మ మీద వాలి, తల అటూ ఇటూ వంచి చూసి, చటుక్కున లోపలికి దూరింది. యోరిస్ కళ్లు తుడుచుకున్నాడు. మైకు తియ్యడం కూడా మర్చిపోయాడు.

"అయిపోయిందిగా, ఇంటికి పోదాం" అన్నాడు ఆల్బన్.

"ముందు ఫారెస్టు ఆఫీసుకి పోనీ. నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను."

సాయంత్రం జొసిల్డా ఇంటికి మెరీనా వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. "నా మొగుణ్ణి పట్టించావటగా."

"నీకు తెలుసా అక్కా?"

"తెలీదు" అంది మెరీనా. ప్రశ్న పూర్తయ్యీ కాకముందే అంది.

జొసిల్డా అక్క మొహంలోకి చూసింది. చిన్నప్పట్నించీ ఎరిగిన మొహం, ఇవాళ ఏమీ తెలియనివ్వలేదు. పొయ్యి మీద కోకో పెట్టి, రెండు కప్పుల్లో పోసి, ఒకటి అక్క ముందుంచింది. ఇద్దరూ తాగారు. జొసిల్డా మళ్లీ ఆ మాట అడగలేదు.