తువ్వాల కింద జవాబు

అర్చన నా మనవరాలు. ఇరవై రెండేళ్లు. పుట్టుకతోనే కండరాల జబ్బు. సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వచ్చిందని చిన్నప్పుడే చెప్పారు. కాళ్లు ఎన్నడూ నిలబడలేదు. చేతులు కొంచెం ఆడేవి.

పెబ్బేరు సంతలో నేను పశువుల బేరాలు చేయిస్తాను. అర్చన చక్రాల కుర్చీలో నా పక్కనే ఉండి, ఏ జత ఎంత పలికిందో ఫోన్లో ఊరూరికీ చెప్పేది.

"తాతా, ఎడ్ల నోట్ల పండ్లు చూసి కొంటరు. నా నోరు చూస్తే ఉరుకుతరు" అని నవ్వేది.

ఇప్పుడు ఆ నోటి మీద మాస్కు ఉంది. నిమ్ము చేసి వనపర్తి దవాఖానలో పడింది. బయట మబ్బు కమ్ముతోంది.

డాక్టరమ్మ మంచం దగ్గరే చెప్పింది. "మాస్కు సరిపోవట్లేదు. గొంతులో గొట్టం వేసి మిషన్ పెట్టాలి. తర్వాత మిషన్ లేకుండా ఊపిరి తీసుకోలేకపోవచ్చు. ఏ సంగతో తొందరగా చెప్పండి."

నా కొడుకు నిరంజన్ గోడకు ఆనుకున్నాడు. "వద్దమ్మా. గదేం బతుకు? పడ్డది చాలు."

"పెట్టుండ్రి" అంది కోడలు మాలతి. "నా బిడ్డ నాకు గావాలె."

"నీకు గావాలె. దానికి?"

అర్చన కళ్లు ఇద్దరి మధ్యా తిరుగుతున్నాయి.

"అమ్మాయి స్పృహలోనే ఉంది. తననే అడగండి" అంది డాక్టరమ్మ.

"సావు బతుకుల ముచ్చట పిల్లనే అడుగుతరా?" అన్నాడు నిరంజన్.

మాలతి మంచం మీదికి వంగింది. "ఊ అను బిడ్డా. నా కోసం ఊ అను."

అర్చన కళ్లు మూసుకుంది.

అందరూ చూస్తుంటే నిజమైన ధర ఎవరూ చెప్పరు. అందుకే సంతలో బేరం తువ్వాల కింద చేస్తాం. వేలు నొక్కితే సరే. చేయి లాక్కుంటే వద్దు. గోటితో గీకితే ఇంకా మాట మిగిలింది. ఇదంతా అర్చనకు తెలుసు.

అర్చన చేయి నా చేతిలోకి తీసుకుని, భుజం మీది తువ్వాల తీసి మా చేతుల మీద కప్పాను.

"బిడ్డా, గొట్టం పెట్టాల్నంటే నొక్కు."

చేయి కదల్లేదు. లాక్కునే బలం దానికి లేదు. కదలకపోతే వద్దన్నట్టేనా?

"వద్దంటే నొక్కు."

అప్పుడూ కదల్లేదు. చాలాసేపటికి నా అరచేతిలో చీమ నడిచినట్టయింది. గోరు.

డాక్టరమ్మ వైపు తిరిగాను. "మిషన్ తియ్యరాకుంటే ఎట్ల బతుకుతది? ఉన్నదున్నట్టు చెప్పమ్మా."

"మెడకు రంధ్రం చేసి మిషన్ తగిలిస్తాం. మాట రాకపోవచ్చు. కుదుటపడితే ఇంటికి తీసుకెళ్లొచ్చు, కుర్చీలో కూర్చోవచ్చు. కానీ కరెంటు పోతే..." ఆగిపోయింది.

అర్చన కళ్లు తెరిచింది. నా వేలు నొక్కింది. వదల్లేదు.

"పెట్టమంటున్నది" అన్నాను.

"నీకెట్ల తెలుసు నాయినా?" నిరంజన్ ముందుకొచ్చాడు. "తువ్వాల తియ్యి. మేం గూడ జూస్తం."

"తియ్య."

డాక్టరమ్మ తన చేయి తువ్వాల కిందికి పోనిచ్చి, వంగి అర్చనను మెల్లగా ఏదో అడిగింది. తలూపింది. తర్వాత నర్సును పిలిచింది.

మంచం తలుపు దాటింది. బయట గాలి లేచింది. వరండాలో లైట్లు ఒక్కసారి ఆరి వెలిగాయి.

నిరంజన్ నా వైపు చూశాడు. నేను లైటు వైపు చూస్తూ కూర్చున్నాను.