ముప్పై ఏడో పేజీ

“ఉప్పు పెట్టావా? బొగ్గులు? దోమల మందు? పుస్తకాల సంచి మాత్రం ఆఖర్న పెట్టు. చోటు మిగిలితే చూద్దాం” అన్నాడు దార్దో, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళుగా ప్రతి డిసెంబరు నెలాఖరునా సుల్మా వింటున్న మాట ఇది. చోటు మిగిలితే! పదకొండు మందికి నెల్లాళ్ళకు సరిపడా సామాను సర్దేది తను. మధ్యమధ్య దుప్పట్లు కుక్కి చోటు మిగిల్చేదీ తనే. మిగిలిన చోట్లో ఏం పెట్టాలో చెప్పేది మాత్రం అతను. ఆవిడ జవాబు చెప్పకుండా పాత నవలలు నింపుకున్న చక్రాల సంచి లాక్కుంటూ ఆదివారం సంతకు బయల్దేరింది. తెల్లారితే ప్రయాణం.

రోచా సముద్రతీరంలో అత్తగారి తరపు ఇల్లు ఒకటుంది. వాళ్ళ దేశంలో ఎండాకాలం సెలవులు జనవరిలోనే. కరెంటు లేదు, టీవీ లేదు. అందుకని జనవరి నెలంతా ఇంటిల్లిపాదీ నవలలు చదువుతారు. ఆ నవలలు ఏరే పని సుల్మాది. “నీకు బాగా తెలుసు కదా, నువ్వే పట్రా” అని మొదటి ఏడాది ఎవరో అన్నారు, అంతే, అది ఆవిడ నెత్తిన పడింది. ఆడపడుచు మాబెల్‌కి ఆఖరి పేజీలో ప్రేమికులు కలిసి తీరాలి. మాబెల్ మొగుడికి జలాంతర్గాముల యుద్ధాలు. దార్దోకి హత్య కావాలి, హంతకుడు దొరకాలి, రెండొందల పేజీలు మించకూడదు. పిల్లలకు దయ్యాలు. ఎవరికేది నచ్చుతుందో ఆవిడ నిద్రలో లేపినా చెబుతుంది. నీకేం ఇష్టం అని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. అందరూ వరండాలో కాళ్ళు బారచాపుకుని, తను ఏరి తెచ్చిన నవలలు చదువుతూ “అబ్బ, ఎంత బాగుందో!” అంటుంటే, ఆ మాట వంటింటి కిటికీలోంచి వినడం ఆవిడ సెలవు.

అలాగని తనకోసం తెచ్చుకోలేదా అంటే, తెచ్చుకునేది. ఏటా ఒక నవల. ఏటా అది నలభయ్యో పేజీ దగ్గర గుర్తు పెట్టుకుని ఇంటికి తిరిగొచ్చేది. ఎందుకంటే మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా దుల్సే ఉంటుంది. పాలల్లో చక్కెర పోసి, గోధుమరంగు తిరిగి చిక్కబడేదాకా మూడు గంటలు మరగబెట్టే తీపి. పొద్దున్నే రొట్టె మీద అది లేకపోతే ఆ ఇంట్లో తెల్లవారదు. “మా అమ్మ రోజు విడిచి రోజు మూడు గంటలు నిలబడి కలిపేది. ఒక్కసారి మాడితే ఒట్టు” అంటాడు దార్దో. తలుపు తీస్తే గాలి తగిలి పాలు విరుగుతాయని, ఆ మూడు గంటలూ వంటింట్లోకి ఎవరూ రాకూడదని అత్తగారు పెట్టిన కట్టడి. తాతల నాటి శాసనంలా అది ఇప్పటికీ నడుస్తోంది. సుల్మా ఆ మూసిన తలుపుల వెనక చెమటలు కక్కుకుంటూ, భుజం పడిపోయేలా కలిపేది. నాలుగో ఏడాది ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో నవల పట్టుకుని చూసింది. పాలు అడుగంటాయి. “దుల్సేలో నవల వాసనొస్తోంది!” అన్నాడు దార్దో. ఆ పూట బల్ల చుట్టూ నవ్వని వాళ్ళు లేరు. ఆ హాస్యం పాతబడలేదు కూడా, ఏటా ఎవరో ఒకరు అనాల్సిందే. నవలలు పనిలేని వాళ్ళకి అని అత్తగారు ఎర్మినియా అప్పుడే తేల్చేసింది.

మిగిలిన పదకొండు నెలలూ నోటరీ ఆఫీసులో జనాల వీలునామాలు టైపు చేసే ఉద్యోగం. భోజనాల వేళ ఒకసారి సొరుగులో నవల చూసి నోటరీగారు “నా కాగితాలు చదివితే చాలు సుల్మా, కళ్ళు పాడుచేసుకోకు” అన్నాడు. ఆ కళ్ళ మీద ప్రేమ కొద్దీ అన్నాడనుకున్నారా! ఇక మిగిలింది బస్సు. వెళ్ళేటప్పుడు అరగంట, వచ్చేటప్పుడు అరగంట, సీటు దొరికితే.

సంతలో ఎల్బియో దుకాణం నంబరు ముప్పై ఏడు. రెండు పాత నవలలిస్తే ఒకటి పట్టుకుపోవచ్చు. అక్కడికొచ్చే ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉంది. అట్టలు ఊడిపోతాయి, పేర్లు మరిచిపోతారు, చదివిందే మళ్ళీ తీసుకుపోయి తలకొట్టుకుంటారు. అందుకని నవల పూర్తి చేసినవాళ్ళు ముప్పై ఏడో పేజీ మూలన తమ గుర్తు పెడతారు. ఒకావిడది చిన్న చేప, ఒకావిడది శిలువ, ఒకావిడది పెదవి రంగు చుక్క. సుల్మాది పెన్సిలుతో అర్ధచంద్రుడు. పూర్తి చేయకుండా గుర్తు పెట్టడం తప్పు. ఎవరూ చూడరు, అయినా ఎవరూ పెట్టరు. ప్రతి మార్చిలోనూ తన సెలవుల నవలను అర్ధచంద్రుడు లేకుండానే తిరిగిచ్చేటప్పుడు సుల్మాకు ఎల్బియో మొహం చూడాలంటే చిన్నతనంగా ఉండేది.

ఆ గుర్తులన్నిట్లో ఒకదానికి ఆవిడ మనసులో దణ్ణం పెట్టుకునేది. నీలం దారంతో, కాగితం మూలన రెండు సన్నటి కుట్లు, వెనక చిన్న ముడి. పెన్నూ కాదు, పెన్సిలూ కాదు, దారం! ఆ కుట్టున్న నవల ఏనాడూ మోసం చేయలేదు. బస్సులో ఏడిపించి పక్కవాళ్ళ చేత రుమాలు ఇప్పించిన నవలలో ఆ కుట్టు ఉంది. దిగాల్సిన చోటు దాటిపోయి నాలుగు స్టాపులు నడిపించిన నవలలోనూ ఉంది. ఎవరా మహాతల్లి? ఏ కాలేజీలోనో పాఠాలు చెప్పి రిటైరయి ఉంటుంది. సముద్రం కనిపించే కిటికీ, పక్కన పిల్లి, అడ్డుపడే మనిషి లేడు. అలా ఊహించుకుని సుల్మా మురిసిపోయేది, కాస్త కుళ్ళుకునేది కూడా.

ఈసారి మాత్రం ఒకటి కాదు, మూడు తీసుకుంది, మూడూ తనకే. ఒకటి అట్ట లేనిది. ఈ జనవరిలో మూడింటికీ అర్ధచంద్రుడు పెట్టాలి. పెట్టలేకపోతే ఇక సంతకే రాకూడదు అనుకుంది. యాభయ్యో ఏడు వచ్చేసింది, ఇంకెప్పుడు?

“ఆ నీలం కుట్టావిడ ఈమధ్య రావట్లేదా, ఎల్బియోగారూ?” అని అడిగింది.

“మూడేళ్ళయిందమ్మా ఆగిపోయి. ఆదివారం వచ్చేది కాదు, గురువారం మధ్యాహ్నాలు మా ఇంటికే వచ్చేది. పేరు చెప్పలేదు. నేను గుండీలావిడ అనేవాణ్ణి, ఇంట్లో గుండీలు కొనడానికని చెప్పి వచ్చేదట. నవలలు తీసుకుని, పైన ఉల్లిపాయలు పోసుకుని వెళ్ళిపోయేది. మా ఆవిడ ఉన్నప్పుడు లెక్కేసింది, నాలుగొందలు దాటాయి!”

నాలుగొందలు. సుల్మా దారి పొడవునా ఆ అంకెను నోట్లో పిప్పరమెంటులా చప్పరిస్తూ ఇంటికొచ్చింది.

మధ్యాహ్నం వంటింటి బల్ల మీద నవలలన్నీ పరిచింది. ఎదురుగా ఎర్మినియా బఠాణీలు ఒలుస్తోంది. ఎనభై ఒకటి నిండాయి ఆవిడకు. కళ్ళు మసకబారాక, మూడేళ్ళుగా వీళ్ళ దగ్గరే ఉంటోంది. చేతులకు కళ్ళతో పనిలేనట్టు బఠాణీలు గిన్నెలో టపటపా పడుతున్నాయి. సుల్మా తన మూడింట్లో ఏది ముందు చదవాలో తేల్చుకోలేక, ఒక్కోదాని మొదటి వాక్యం పైకే చదువుకుంటోంది. అట్ట లేనిది తీసింది.

“ఉప్పుమడి అమ్మేసిన రోజున నాన్న బూట్లు విప్పకుండానే పడుకున్నాడు.”

“అది వద్దమ్మాయ్” అంది ఎర్మినియా, తలెత్తకుండానే. “చివర్న పన్నెండు పేజీలు లేవు. ఆ పిల్ల ఓడెక్కిందో లేదో తెలీక రెండేళ్ళు నాకు మనశ్శాంతి లేదు.”

బఠాణీల చప్పుడు ఆగిపోయింది.

సుల్మా వెనక్కి తిప్పి చూసింది. నిజమే, చివరి పేజీలు లేవు. ముప్పై ఏడో పేజీ తీసింది. మూలన నీలం దారం, రెండు కుట్లు, వెనక ముడి. ఆ ముడి! అత్తగారు కుట్టిపెట్టిన దార్దో చొక్కా గుండీల వెనక, దిండు గలీబుల అంచున, ఇరవై రెండేళ్ళుగా రోజూ తను ఉతికి ఆరేస్తున్న ముడి. కళ్ళముందే ఉంటే చూడనేలేదు!

“గురువారాలు గుండీలు కొనడానికి వెళ్ళేవారు కదూ, అత్తయ్యా?”

ఎర్మినియా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అబద్ధమాడదామని నోరు తెరిచి, ఏమనుకుందో మూసుకుంది.

సుల్మాకు ఒళ్ళు ఝల్లుమంది. తనకు బస్సుల్లో తోడొచ్చింది ఈవిడా? పులుసులో ఉప్పు తక్కువైందని, తువ్వాళ్ళు మడతెయ్యడం రాదని సాధించిన ఈ మనిషా తను ప్రేమించిన ప్రతి నవలనూ తనకంటే ముందు చదివి, ఇది బాగుంది తీసుకో అని దారప్పోగుతో చెప్పింది? తను ఎక్కడ ఏడ్చిందో అక్కడే ఈవిడా ఏడ్చి ఉంటుంది. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇద్దరూ ఉప్పు గురించి పోట్లాడుకున్నారు. కాలేజీ లేదు, పిల్లి లేదు, సముద్రం కిటికీ లేదు. నలుగురు పిల్లలు, పక్షవాతంతో మంచం పట్టిన మావగారు, పదకొండు మంది వంట, వాటి మధ్య నాలుగొందల నవలలు! సుల్మా అత్తగారి వంక మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఆవిడ కాళ్ళకు మొక్కాలనిపించింది.

“ఎప్పుడు చదివారు అత్తయ్యా? టైమెక్కడిది మీకు?”

“మొదట్లో అంతా జనవరిలోనే” అంది ముసలావిడ. గొంతు దానంతటదే తగ్గింది. “రెండు నుంచి అయిదు దాకా. తలుపేసుకుని.”

“దుల్సే కలుపుతూనా? నేను ఒక్కసారి చదివితే మాడిపోయిందే!”

“కలిపితే కదా మాడడానికి. పాలల్లో గాజు గోలీలు వేసేదాన్ని, ఒక పన్నెండు. మంట తగ్గిస్తే అవే అడుగున దొర్లుతూ ఉంటాయి, అంటుకోనివ్వవు. గలగలమంటుంటే నువ్వు చదువుకోవచ్చు. చప్పుడు ఆగిపోయిందంటే చిక్కబడిందని లెక్క.” ఎర్మినియా మొహంలో దొంగపిల్ల నవ్వొకటి మెరిసింది. “గాలి తగిలితే పాలు విరుగుతాయన్నది కూడా నేను పుట్టించిందే.”

సుల్మా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే నవ్వు ఆగిపోయింది. భుజం మీద చెయ్యేసుకుంది. వానాకాలం వస్తే పైకి లేవని భుజం.

“ఇరవై రెండేళ్ళు కలిపానత్తయ్యా. నిలబడి. మీరు చూస్తూనే ఉన్నారు. నాకెందుకు చెప్పలేదు?”

ఎర్మినియా బఠాణీ తొక్కొకటి తీసి వేళ్ళతో నలిపింది.

“మొదటి ఏడాదే చెబుదామనుకున్నా. అప్పుడు నీకు వాడంటే ప్రాణం, కడుపులో మాట దాచేదానివి కాదు. వాడికి చెప్పేస్తావని భయం. తర్వాత సిగ్గేసింది. నువ్వలా చెమటలు కక్కుతుంటే ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇంకొకటి కూడా ఉంది, విను. నువ్వొచ్చావని, అమ్మకి విశ్రాంతి అని, నా గరిటె లాక్కుని నీకిచ్చారు. నన్ను వరండాలో అందరి మధ్యా కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడ నవలెలా తియ్యను? పనిలేని వాళ్ళకి అని ఊరంతా చాటింది నేనే కదా. నా వంటిల్లు పోయిందన్న కోపం నీమీద తీర్చుకున్నానే అమ్మాయ్.”

ఇంత నిజం ఎవరైనా మొహం మీద చెబితే ఏం చేస్తారు? తిడదామా అనుకుంది సుల్మా. లోపల మంటగానే ఉంది, ఆ మంట మీద ఆశ్చర్యం పొంగుతూనే ఉంది. పక్కపక్కన రెండు కుర్చీలు వేసుకోగలిగిన ఇద్దరు ఆడవాళ్ళను ఒక గరిటె కోసం కొట్టుకునేలా చేసిన ఇల్లు ఇది.

“గోలీలు నా కుట్టుపెట్టెలో అడుగున ఉన్నాయి” అంది ఎర్మినియా గుసగుసగా. “తీసుకుపో. తలుపేసుకో. ఎవడికీ తెలీదు. మూడూ చదివేస్తావు.”

సుల్మా కుట్టుపెట్టె తెరిచి గోలీలు తీసింది. చేతిలో చల్లగా ఉన్నాయి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి పగిలింది. ఎంత సులువు! తలుపేసుకుంటే చాలు. మూడు గంటలు, రోజు విడిచి రోజు, ఎవరికీ తెలియకుండా. తెలియకుండా ఎందుకు? పొరుగింటి చెట్టు కాయలా కోసుకుంటోందా తను? పదకొండు నెలలు ఆఫీసుకు పోయి సంపాదించుకున్న సెలవు కాదూ!

దార్దో లోపలికొచ్చాడు. చేతికి గ్రీజు.

“తాడెక్కడుంది? సుల్మా, దుల్సేకి పెద్ద గిన్నె సర్దావా?”

బల్ల కింద ఎర్మినియా చెయ్యి వచ్చి కోడలి మోకాలిని గట్టిగా పట్టుకుంది.

“సర్దలేదు” అంది సుల్మా. “ఈ ఏడాది నేను దుల్సే చెయ్యను. రెండు నుంచి అయిదు దాకా వరండాలో కూర్చుని నవల చదువుకుంటాను.”

“రోజూనా?”

“రోజూ.”

దార్దో బుర్ర గోక్కున్నాడు. అమ్మ వంక చూశాడు, బల్ల మీది నవలల వంక చూశాడు. గ్రీజు చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“మరి పొద్దున రొట్టెలోకి?”

“ఊళ్ళో కొట్లో సీసాలు అమ్ముతారు. వెళ్ళి తెచ్చుకో.”

“అంతేలే, తెచ్చుకుందాం” అన్నాడు. తలుపు వెనక తాడు కనిపించింది. తీసుకుని, ఈలేసుకుంటూ కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఎర్మినియా మసక కళ్ళు పెద్దవి చేసుకుని, కొడుకు వెళ్ళిన తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది.

“అంతేనా?” అంది. “ఆ ఒక్క మాట అంటే సరిపోయేదా?”