ఇట్లు, ఇరవైముగ్గురం

నేను ఒక ఫ్లెక్సీని. పేరు వినగానే ముఖం చిట్లించకండి. మలుపు మలుపునా నిలబడి దారి కనబడకుండా చేస్తామనీ, పుట్టినరోజు మొదలు పదవీ విరమణ దాకా అన్నింటికీ పళ్లికిలిస్తామనీ మమ్మల్ని తిట్టనివాళ్లు లేరు. ఆ తిట్లలో సగం నిజమే. మిగతా సగం సంగతి చెప్పుకుందామనే ఇలా నోరు విప్పాను.

నేను పుట్టింది శ్రీకాకుళంలో, బస్టాండు వెనక ఒక ప్రింటింగు షాపులో. యంత్రం అటూ ఇటూ పరిగెడుతూ నా మీద రంగులు చల్లింది. ముందు ఒక మీసం వచ్చింది, తర్వాత ఛాతీ, ఆ తర్వాత తొడ మీద చరచడానికి లేచిన కుడిచెయ్యి. ఎడమ మోకాలికి తెల్లకట్టు. ఆయన కోరాడ పైడిరాజు. నాగావళి పులులు అనే కబడ్డీ జట్టుకు పదకొండేళ్లుగా సారథి. ఆయన కూతకు వెళ్లేముందు తొడ కొడితే గ్యాలరీలో ముసలివాళ్లు కూడా తొడలు చరుచుకుంటారని చెప్పుకునేవారు.

కంప్యూటరు దగ్గర కూర్చున్న సింహాద్రి ఆ మోకాలికట్టు చెరిపేస్తానన్నాడు. నన్ను చేయించడానికి వచ్చిన పెద్దమనిషి ఒప్పుకోలేదు. కట్టు లేకపోతే అది పైడిరాజు కాదు, పైడిరాజు అన్నయ్యో తమ్ముడో అవుతాడని వాదించాడు. సొంత జుట్టు సంగతికి వచ్చేసరికి మాత్రం ఆయనే రెండుసార్లు నల్లరంగు వేయించుకున్నాడు.

ఆ పెద్దమనిషి పేరు లక్ష్మణరావు. నరసింగిపేట జంక్షన్‌లో మోటార్లు వైండింగు చేస్తాడు. పైడిరాజు అభిమాన సంఘానికి అధ్యక్షుడు. సంఘంలో ఇరవైముగ్గురు సభ్యులు, ఇరవైమూడు ముఖాలూ నా అడుగున వరసగా ఉన్నాయి, పేర్లకు చోటు చాలలేదు. వాటి పైన పెద్ద అక్షరాలతో 'ఇట్లు' అని ఉంది. ఆ ముఖాలు చూస్తే మీకు నవ్వొస్తుంది. ఒకాయన నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఒకాయన పెళ్లి ఫోటోలోంచి తనను కత్తిరించి ఇచ్చాడు, పక్కన ఎవరిదో భుజం మిగిలిపోయింది. ఇరవైరెండు మంది మగాళ్ల మధ్య టిఫిన్ బండి ఎర్నమ్మ ఒక్కతే ఆడమనిషి. ఆవిడ ఇచ్చింది ఆధార్ ఫోటో, అందులో ఆవిడ పోలీసులకు దొరికినట్టు చూస్తుంటుంది.

అందరిలోకీ పెద్ద ఫోటో లక్ష్మణరావుది. ఆయన చెవిన ఫోను పెట్టుకుని, దూరంగా చూస్తూ, గంభీరంగా ఉంటాడు. నాలుగేళ్ల కిందట మొదటిసారి అలా దిగినప్పుడు ఎవరో అడిగారట, అవతల ఎవరని. ఆయన చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. ఇంకెవరు, పైడిరాజే అయ్యుంటాడని జంక్షన్ అంతా అనుకుంది. అబద్ధం ఆయన చెప్పలేదు, ఊరే కల్పించుకుంది. ఆయన కాదనలేదు, అంతే. ఈసారి ఫోటో తీసింది ప్రింటింగు షాపులోనే కాబట్టి అసలు సంగతి నాకు తెలుసు. ఆ చెవిన ఉన్నది సింహాద్రి ఫోను, అదీ ఛార్జింగు అయిపోయి ఆరిపోయిన ఫోను.

ఏటా కబడ్డీ పోటీలు మొదలయ్యేముందు జట్టు బస్సు మా జంక్షన్ మీదుగా శ్రీకాకుళం వెళుతుంది. ఏటా ఒక కొత్త ఫ్లెక్సీ దానికి స్వాగతం చెబుతుంది. నేను పదకొండోదాన్ని. నాకు ముందు పుట్టిన పదిమందిలో ఒకరు మొక్కజొన్నల కుప్ప మీద, ఒకరు గేదెల పాక మీద, ఇంకొకరు ఎర్నమ్మ టిఫిన్ బండి మీద కప్పుగా ఉన్నారు. మాకు పుట్టుక ఎంత ఘనమైనా చివరికి ఏదో ఒకదాన్ని కప్పే పని తప్పదు.

నన్ను సరుగుడు కర్రలకు కట్టి నిలబెట్టింది ఒక గురువారం ఉదయం. కొబ్బరికాయ కొట్టారు, ఎర్నమ్మ అందరికీ ఉప్మా పెట్టింది. మధ్యాహ్నం భోజనాల వేళకు కబురొచ్చింది. పులుల జట్టువాళ్లు పైడిరాజును కృష్ణా కెరటాలు అనే విజయవాడ జట్టుకు ఇచ్చేశారు. బదులుగా సోమ్‌వీర్ అనే ఇరవై ఏళ్ల హర్యానా కుర్రాణ్ని తెచ్చుకున్నారు.

వింటున్న ఇరవైముగ్గురూ నా వంక తిరిగారు. నా మీద 'పులి మళ్లీ వస్తోంది' అని మూరెడు అక్షరాలు. వాటిని చెరపడానికి చేతులుంటే నేనే చెరిపేసుకునేదాన్ని.

తర్వాత అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. జట్టు యజమానికి బుర్ర లేదని కొందరు, ఉన్నది అమ్ముకున్నాడని కొందరు. ఆర్టీసీ కండక్టరు జోగినాయుడు మాత్రం, ముప్ఫై అయిదేళ్లు వచ్చాయి, మోకాలు అరిగింది, జట్టువాళ్లు చేసినదాంట్లో తప్పేముందని అన్నాడు. అతన్ని అక్కడికక్కడే సంఘం నుంచి బహిష్కరించారు. ఇరవై నిమిషాలకు ఎర్నమ్మ పునుగులు దించేసరికి మళ్లీ చేర్చుకున్నారు.

సాయంత్రం రాస్తారోకో అన్నారు. రోడ్డు మీద బైఠాయించారు. మొట్టమొదట ఆగింది జోగినాయుడు డ్యూటీలో ఉన్న బస్సే. అతను దిగి, పరిస్థితి చూసి, టిక్కెట్ల మిషను మెడలో వేసుకునే వచ్చి అందరితోపాటు కూర్చున్నాడు. ప్రయాణికులు దిగి అతన్ని రెక్క పట్టుకుని లేపారు. ఆందోళన దాంతో ముగిసింది. యజమాని దాకా ఆ వార్త వెళ్లిందో లేదో నాకు తెలియదు గానీ, డిపో మేనేజరు దాకా మాత్రం వెళ్లింది.

ఇదంతా అయ్యాక ఎర్నమ్మ బండి సర్దుకుంటూ అడిగింది.

"తమ్ముడా, ఎల్లిపోయే ముందు పైడిరాజు నీకొక్క ఫోనైనా సెయ్యనేదేటి?"

ఆవిడ ఎగతాళికి అడగలేదు, నిజంగా బాధపడి అడిగింది. అందుకే లక్ష్మణరావుకు మరీ గుచ్చుకుంది. "సేత్తాడు అప్పా, కుదరొద్దూ" అని, అందరూ తన వైపే చూస్తుంటే తలొంచుకుని దుకాణంలోకి వెళ్లాడు. పదకొండేళ్లు ఒక మనిషి కోసం గొంతు అరగదీసుకున్నాడు. ఆ మనిషికి తను ఎవరో తెలియదన్న సంగతి ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు తెలిసిపోతుందేమోనని ఆయన భయం. ఆ రోజు నుంచి ఒక చేత్తో రాగితీగ చుడుతూ రెండో చేతిలో ఫోను పట్టుకునేవాడు. అలా రెండు మోటార్లు తలకిందులుగా చుట్టాడు, అవి వెనక్కి తిరిగాయి.

వారం తర్వాత సంఘం సమావేశమైంది. మనిషి పోయినా జట్టు మనదే కదా, కొత్త కుర్రాడికి మర్యాద చెయ్యాలని తీర్మానించారు. కొత్త ఫ్లెక్సీ ఎందుకని సోమ్‌వీర్ ముఖం ఒక్కటి కాగితం మీద అచ్చువేయించి, మైదా జిగురుతో పైడిరాజు ముఖం మీద అంటించారు. లక్ష్మణరావు ఆ పనికి చెయ్యి వేయలేదు. దుకాణంలో స్టూలు కూడా నాకు వీపు పెట్టి కూర్చునేలా తిప్పుకున్నాడు.

నా అవతారం ఏమని చెప్పను. పైన మీసం మొలవని ముఖం, కింద ముప్ఫై అయిదేళ్ల ఒళ్లు, మోకాలికి కట్టు. పాపం, ఈ వయసుకే కుర్రాడి కాలు ఏమైందని దారిన పోయేవాళ్లు ఆగి మరీ పరామర్శించేవారు.

పులులకూ కెరటాలకూ శ్రీకాకుళంలో ఆట పడింది. ఆ ఉదయం సంఘంవాళ్లు సోమ్‌వీర్‌కు పాలాభిషేకం పెట్టుకున్నారు. పైడిరాజు ఉన్న బస్సు జంక్షన్ దాటేటప్పుడు ఎవరూ తలెత్తి చూడకూడదని కూడా అనుకున్నారు. మనకు చెప్పకుండా పోయినవాడు మనకేమవుతాడని వాళ్ల కోపం. నిచ్చెన ఎక్కి బిందెడు పాలు నా నెత్తిన పోశారు. పాలు కమ్మగానే ఉన్నాయి గానీ మైదా జిగురు వాటికి తట్టుకోలేకపోయింది. కుర్రాడి నుదురు ఊడింది, తర్వాత ముక్కు. ఒక్క చెవి మాత్రం పట్టుకుని వేలాడింది. అడుగు నుంచి మీసంతో సహా పైడిరాజు పాలు కారుతూ బయటపడ్డాడు.

సరిగ్గా అప్పుడే విజయవాడ బస్సు మలుపు తిరిగింది. తలెత్తకూడదనుకున్నవాళ్లంతా తలెత్తారు. బస్సు ఆగింది. పైడిరాజు దిగాడు.

నేను అచ్చులో చూసుకున్న దానికంటే ఆయన పొట్టి. ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడుస్తున్నాడు. తిన్నగా నా ముందుకొచ్చి, తన ముఖానికి వేలాడుతున్న ఇంకొకరి చెవిని చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు. సంఘంవాళ్లు కోపం మరిచిపోయి చుట్టూ మూగారు. లక్ష్మణరావు మాత్రం ఎర్నమ్మ బండి వెనక్కి తప్పుకున్నాడు. పెనం తుడుచుకుంటున్న ఎర్నమ్మకు ఆ దాక్కోవడం ఏమిటో అర్థం కాలేదు. సిగ్గేమో అనుకుని చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చింది.

"బాబూ, మా సంగం అద్దెచ్చుడు. నీకు ఎరికే గదా" అంది.

పైడిరాజు ఆయన వంక చూశాడు, వంగి నా అడుగున ఉన్న ఫోటో వంక చూశాడు, మళ్లీ ఆయన వంక చూశాడు.

"ఎరక్కపోవడమేటి. పదకొండేళ్లుగా సూత్తన్నాను" అన్నాడు పైడిరాజు. "ముందల మూడేళ్లు నల్లద్దాలు. తరవాత మెడలో కండువా. ఇప్పుడు ఫోను. ఇంతకీ మీ పేరేటండి?"

పేరు అడగ్గానే ఇరవైరెండు తలలూ లక్ష్మణరావు వైపు తిరిగాయి. ఆయన పేరు చెప్పాడు. ఇంక దాచి లాభం లేదనుకున్నాడో ఏమో, అడగకుండానే మిగతాది కూడా చెప్పేశాడు.

"ఆ ఫోన్ల అవతల ఎవులూ నేరు బాబూ. దాంట్లో సార్జింగే నేదు."

పైడిరాజు నవ్వలేదు. ఒక్కొక్క ఫోటో మీద వేలు పెట్టుకుంటూ వెళ్లాడు. జోగినాయుడి దగ్గర ఆగి, మీరు మధ్యలో రెండేళ్లు కనబడలేదు, ఏమయ్యారని అడిగాడు. విశాఖ డిపోకి బదిలీ చేశారని చెబుతుంటే జోగినాయుడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎర్నమ్మ నాలుగేళ్ల కిందట చేరిందని ఆయనకు తెలుసు. పెళ్లి ఫోటోలోని ఆ భుజం ఎవరిదో కనుక్కోవాలని చాలాకాలంగా ఉందట.

"ఈ మలుపు రాగానే కిటికీ పక్కకొచ్చి లెక్కెట్టుకునీవోడిని, అందరూ ఉన్నారా నేదా అని" అన్నాడు. "ఎల్లిపోయినరోజు మీకు సెప్పి ఎల్దామనుకున్నాను. ఎవులికని సెయ్యను ఫోను? మొగాలు తెలుసు గానీ పేర్లు తెలవదు గదా."

ఫ్లెక్సీల మీద సొంత ముఖాలు వేయించుకునే పిచ్చి గురించి లోకం ఎన్ని మాటలందో నాకు తెలుసు. ఆ పూట మాత్రం నేను గాలికి గట్టిగానే రెపరెపలాడాను. గర్వంతోనే, దాచుకోవడమెందుకు.

ఆయన ఒక్క కోరిక కోరాడు. నా బొమ్మ మీ దగ్గరే ఉంచుకోండి, మీ ముఖాలు నాకివ్వండి అన్నాడు. లక్ష్మణరావు దుకాణంలోంచి కత్తెర తెచ్చి, 'ఇట్లు' అన్న మాటకు పైనుంచి నన్ను అడ్డంగా కోశాడు. నాకు నొప్పి తెలియలేదు, మాకు అలాంటివి ఉండవు. ఒక్కొక్కరూ తమ ఫోటో కింద పేరు, నంబరు రాసుకున్నారు. ఎర్నమ్మకు రాయడం రాదు, ఆవిడ పేరు లక్ష్మణరావు రాశాడు. తన నంబరు రాసేటప్పుడు మాత్రం ఒక్కొక్క అంకె రెండుసార్లు దిద్దాడు.

పైడిరాజు చుట్టి పట్టుకెళ్లిన నా కింది సగం పుణ్యమా అని, ఆ రోజు ఆటను నేను కెరటాల బెంచీ మీద నుంచి చూశాను. పైడిరాజు తొడ కొట్టగానే మావాళ్లంతా తమది ఎదుటి జట్టన్న మాట మరిచిపోయి తొడలు చరిచారు. ఆఖరి కూతలో సోమ్‌వీర్ ఆయన చీలమండ పట్టుకుని పడేస్తే దానికీ లేచి నిలబడ్డారు. రెండు పాయింట్ల తేడాతో పులులు గెలిచాయి. లక్ష్మణరావు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు. ఎటు చూసినా గెలిచింది మనమేనని జోగినాయుడు తేల్చేశాడు.

ఇప్పుడు నేను రెండుచోట్ల ఉన్నాను. పై సగం ఎర్నమ్మ బండికి కప్పుగా ఉంది, పాత అన్నయ్య చిరిగిపోతే ఆ చోటు నాకు దక్కింది. కింది సగం విజయవాడలో పైడిరాజు గదిలో, మంచానికి ఎదురుగా గోడ మీద ఉంది. ఇన్ని చేతులు మారిన నాకు ఈ రెండు చోట్లూ నచ్చాయి. ఒకచోట ఇడ్లీ ఆవిరి తగులుతుంది, ఇంకోచోట మోకాలికి రాసుకునే తైలం వాసన.

మూడు వారాలు ఏమీ జరగలేదు. నంబరు రాయించుకున్నంత మాత్రాన చేస్తారా ఏమిటని ఒకరిద్దరు అన్నారు. లక్ష్మణరావు మాత్రం మోటార్లు సరిగ్గానే చుడుతున్నాడు.

నాలుగో ఆదివారం పొద్దున్నే విజయవాడలో పైడిరాజు లేచి కూర్చున్నాడు. మోకాలు నొక్కుకుంటూ నా వంక చూశాడు. చాలాసేపు చూసి, ఫోను తీసి, ఫోటో కింద అంకెలు ఒక్కొక్కటే చదువుతూ నొక్కాడు.

నరసింగిపేటలో నా నీడన కూర్చుని ఇడ్లీ తింటున్న లక్ష్మణరావు జేబులో ఫోను మోగింది. ఎడమచేత్తో తీసి చెవిన పెట్టుకున్నాడు. రెండు మాటలు విని లేచి నిలబడ్డాడు. అచ్చం నా ఫోటోలో లాగే దూరంగా చూస్తూ నిలబడ్డాడు, గంభీరం మాత్రం లేదు. ముఖమంతా నవ్వే.

"ఎవులు తమ్ముడా?" అంది ఎర్నమ్మ చట్నీ గరిటె పట్టుకుని.

నాలుగేళ్లుగా ఊరంతా వినాలని ఆయన ఆశపడిన పేరు అది. అయినా చెప్పలేదు. చేతితో ఆగమని సైగ చేసి అటు తిరిగాడు.

"ఉండప్పా, మాటాడతన్నాను."