నెల ముందు వచ్చిన పండుగ

మా పల్లె పులివెందుల దారిలో, తొండూరుకు ఇవతల ఉంది. క్రైస్తవుల ఇండ్లు పద్నాలుగు. మా తాతల కాలంలో కట్టిన చిన్న గుడి ఒకటి ఉంది. మా పాదిరిని మేము అయ్యగారు అంటాం, ఆయన ఉండేది జమ్మలమడుగులో. ఇరవైకి పైగా పల్లెలకు ఆయనొక్కరే గనుక రెండు మూడు నెలలకొకసారి వచ్చి, ప్రభు భోజనం, అంటే ఆశీర్వదించిన రొట్టె, ద్రాక్షరసం, ఇచ్చి పోతారు. మిగిలిన ఆదివారాలు ప్రార్థన నడిపేది, వాక్యం చదివేది సంఘపెద్దనైన నేను. మిషన్ బడిలో ఆరో తరగతి దాకా చదివాను. ఆ చదువు మా వీధిలో ఇంకెవరికీ లేదన్న సంగతి నేను మరచిపోయిన రోజు లేదు.

ప్రతి జనవరిలో అయ్యగారు ఒక అచ్చు పట్టిక తెచ్చి ఇచ్చేవారు. ఉపవాస దినాలు ఎప్పుడు మొదలు, మట్టల ఆదివారం ఎప్పుడు, పునరుత్థాన పండుగ ఎప్పుడు అన్నీ అందులో ఉండేవి. 1962లో ఆ పట్టిక రాలేదు. పాత అయ్యగారు పని చాలించుకున్నారు. కొత్త అయ్యగారు పండుగ నాటికి మా పల్లెకు వస్తారని కబురు మాత్రం వచ్చింది. ఒకరోజు పని మానుకొని జమ్మలమడుగు పోయి అడిగి ఉంటే సరిపోయేది. నేను పోలేదు. మార్చి ఇరవై ఒకటిన గాని, ఆ తర్వాత గాని వచ్చే మొదటి పున్నమిని చూసి, దాని తర్వాతి ఆదివారం పండుగ చేసుకోవాలని బడిలో మా పంతులు చెప్పింది నాకు జ్ఞాపకం ఉంది. ఇంత తెలిసినవాడిని, ఒకరిని అడగడమెందుకు అనుకున్నాను.

ఆ ఫిబ్రవరి మొదట్లో ఎనిమిది గ్రహాలు ఒక్కచోట చేరుతున్నాయని, లోకం మునిగిపోతుందని జనం హడలిపోతున్నారు. కరణం ఇంటి ముందు పంచాంగం అడిగేవాళ్లు గుంపులు. అందరూ గ్రహాల కోసం పోతే నేను పున్నమి కోసం పోయాను. కరణం వేలితో గీత వెంబడి పోయి, "మార్చి ఇరవై ఒకటి, బుధవారం" అన్నాడు. ఇంటికి వచ్చి వేళ్లు మడిచి లెక్కపెట్టాను. మార్చి ఇరవై ఐదు పండుగ. అంటే ఉపవాసాలు మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి ఏడున. ఆదివారం గుడిలో చదివి వినిపిస్తే అందరూ తలలూపారు.

సరిగ్గా ఆ బుధవారమే రంజాను ఉపవాసాలు కూడా మొదలైనాయి. పక్క వీధిలో పరుపులు కుట్టే ఫకీర్ సాహెబ్ నన్ను చూసి నవ్వాడు.

"ఏమప్పా నతానియేలూ, మీ దేవుడూ మా దేవుడూ మాట్లాడుకొని ఒకే దినం మన కడుపులు మాడ్చినారే."

"మీది ముప్పై దినాలు సాహెబూ. మాది నలభై."

"నలభైలే. మధ్యాన్నం నీళ్లు తాగుతారు, రాత్రికి సంగటి తింటారు. మా ఇంట్లో పిల్లోళ్లు ఉంటారు అట్లాంటి ఉపవాసాలు."

ఆ మాటకు నేనూ నవ్వాను. అప్పటికి నా మనసు తేలికగానే ఉంది.

రంజాను పండుగనాడు ఆయన నన్ను ఇంటికి పిలిచాడు. ఆయన భార్య బిస్మిల్లా బీ సేమ్యా గిన్నె ముందు పెట్టింది. ఉపవాస దినాలలో మేము తీపి ముట్టము. ఆ మాటే చెప్పాను.

"అయితే మీ పండక్కి దాచి పెట్టాల్నా? పురుగు పడతాదన్నా అప్పటికి," అన్నది ఆమె.

"ఎంతలే అమ్మా, ఇంకా రెండు వారాలు."

ఫకీర్ సాహెబ్ గోడకు తిరిగాడు. పండుగ బట్టల కోసం ప్రొద్దుటూరు పోయినప్పుడు గుడ్డల అంగడివాళ్లు ఇచ్చిన క్యాలెండరు అక్కడ కొత్తగా వేలాడుతోంది. మార్చి కాగితం ఎత్తి చూశాడు.

"రెండు వారాలు యాడిదప్పా? మీ శుక్రవారం ఏప్రిల్ ఇరవై అని ఎర్రగా ఏసినాడు ఈడ."

లేచి చూశాను. నిజమే. ఆ గుడ్ ఫ్రైడే పండుగకు రెండు రోజుల ముందు వచ్చేది; నా లెక్కకు నాలుగు వారాల తేడా.

"అచ్చు తప్పు," అన్నాను.

"సర్కారు సెలవు కూడా అచ్చు తప్పేనా?"

"అంగడోడు ఏసిన దాంట్లో ఏముంటాది సాహెబూ."

ఆయన నా ముఖం చూసి, కాగితం దించాడు. నేను ఇంటికి వచ్చే దారిలోనే నాకు తెలుసు, తప్పు అచ్చుది కాదని. వచ్చే ఆదివారం లేచి నిలబడి ఒక్కమాట చెబితే అయిపోయేది. కాని నెలనాళ్లుగా ఒంటిపూట తిండి తిని కూలికి పోతున్న మనుషులకు, అది లెక్కలోకి రాదు, ఇప్పటినుంచి మళ్లీ మొదలుపెట్టండి అని ఎట్లా చెప్పేది? ఇది నాకు నేను చెప్పుకున్న కారణం. ఇంకొక కారణం కూడా చెప్పుకున్నాను. దేవునికి తేదీతో పని ఏముంది, మనసు ముఖ్యం కదా అని. అది మంచి మాటే. ఆ మాట ఎవరి నోటినుంచి వచ్చినా ఒప్పుకుంటాను. ఆ రోజు నా నోటికి మాత్రం అది తగదు.

మా గుడిలో గంట కొట్టే ఆనందయ్య మామకు అప్పటికే కాళ్లు వాచి, ఊపిరి అందక మంచం పట్టి మూడు నెలలు. ఆయనకు డెబ్బై దాటాయి. "పోయేలోగా అయ్యగారి చేతి రొట్టె ఒక్కసారి తీసుకుంటే చాలు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నేనే ఆయనకు చెప్పాను, మార్చి ఇరవై ఐదున అయ్యగారు వస్తారని. అప్పటినుంచి ఆయన దినాలు లెక్కపెడుతున్నాడు.

నా భార్య మేరీ ఒకసారి అన్నది. "జమ్మలమడుగుకు మనిషిని పంపు. మామకు బాగలేదని తెలిస్తే పండగ దాకా ఆగకుండా వస్తారు."

"పంపుతాలే," అన్నాను.

పంపలేదు. అయ్యగారు వస్తే మా ఉపవాసాలు ఎన్నో వారమో అడుగుతారు. నా లెక్క బయట పడుతుంది. ఇంత చిన్న భయం కోసమే ఒక మనిషిని పంపలేదు.

బుధవారం సాయంత్రాల బైబిలు పాఠం ఆ రోజులలో ఆనందయ్య మామ ఇంట్లోనే పెట్టుకునేవాళ్లం, ఆయన లేచి రాలేడని. రంజాను తర్వాతి వారం పేతురు ప్రభువును ఎరుగనని మూడుసార్లు చెప్పి, కోడి కూయగానే జ్ఞాపకం వచ్చి ఏడ్చిన భాగం వచ్చింది. నేను చదివి, భయం మనిషిని ఏమి చేస్తుందో రెండు మాటలు చెప్పాను. మామ గోడకు ఆనుకొని ఊపిరి కూడదీసుకున్నాడు.

"అప్పా నతానియేలూ, ఒకటి అడుగుతా. ఆ పొద్దు కోడి కుయ్యకపోయింటే పేతురుకు జ్ఞాపకం వచ్చిండునా?"

"ఎందుకు రాదు మామా."

"ఏమో. మనిషి ఒకసారి ఎరగనన్నాక, రెండోసారి అనేది సులభం. ఎవరో ఒకరు కుయ్యాల. లేకుంటే అట్లే పోతాడు."

ఆయన భార్య రాములమ్మ అత్త కసిరింది. "ఊపిరాడక సస్తా కోడి గురించి మాట్లాడతావు. పండుకో."

అందరూ నవ్వారు. నేను పుస్తకం మూసి ప్రార్థన మొదలుపెట్టాను. ఆ ప్రార్థనలో ఏమి అన్నానో నాకు గుర్తులేదు.

మార్చి ఇరవై ఐదు వచ్చింది. తెల్లవారకముందే ఆడవాళ్లు గుడి ముందు కల్లాపి చల్లారు. ఆనందయ్య మామ ఉతికిన పంచె కట్టించుకొని, మంచం మీదనే నలుగురి చేత గుడికి మోయించుకున్నాడు. పాటలు పాడాం. నేను వాక్యం చదివాను. అయ్యగారు రాలేదు. ఎందుకు వస్తారు? ఆయనకు అది ఉపవాసాలలో మూడో ఆదివారం.

"ఇంకొంచేపు చూద్దాం," అన్నాడు మామ.

దారి కనబడాలని మామ మంచం గుడి బయటికి తెప్పించుకున్నాడు. ఎండ నెత్తికెక్కింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ప్రతి బండి చప్పుడుకూ మామ తల తిప్పుతున్నాడు. చివరకు నేను అన్నాను. "బస్సు చెడిపోయింటాది మామా. కబురు పెడతాను, వచ్చే వారం వస్తారు."

"రారులే. మనది చిన్న సంఘం. గుర్తుండదు," అన్నాడు ఆయన. కోపం లేదు ఆ గొంతులో. ఎవరో అప్పగించిన పని అయిపోయినట్టుగా కళ్లు మూసుకున్నాడు.

ఇండ్లలో కోళ్లు కోసుకున్నారు. మా ఇంట్లో కూడా. నేనూ తిన్నాను.

ఉగాదికి ముందు రోజు ఆయన పోయాడు. అయ్యగారికి కబురు పెట్టే వ్యవధి లేదని చెప్పి, సమాధి దగ్గర ప్రార్థన నేనే చదివాను. మట్టి వేస్తున్నప్పుడు రాములమ్మ అత్త అందరికీ వినబడేటట్టు అన్నది. "పండగనాడు కూడా ఈ మనిషిని మరిచిపోయిన ఆ అయ్య ముఖం నేను చూడను. ఆయన చేతి రొట్టె నాకొద్దు."

ఆ ఆదివారం నుంచి ఆమె గుడికి రాలేదు.

వారం తిరక్కుండానే కార్డు వచ్చింది. కొత్త అయ్యగారు రాశారు. ఏప్రిల్ పంతొమ్మిది గురువారం వస్తాననీ, శుక్రవారం ఆరాధన, శనివారం సిద్ధపాటు కూడిక, ఆదివారం పండుగ భోజనం ఉంటాయనీ, సంఘంలో జబ్బుగా ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే వచ్చిన వెంటనే చూస్తాననీ.

కార్డు మేరీకి చదివి వినిపించాను.

"పండగ అయిపోయ కదా?" అన్నది. తర్వాత నా ముఖం చూసింది. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"రంజాను నాడు."

ఆమె చేతిలో చాట కింద పెట్టింది. "నాకు చెప్పి ఏం లాభం? రాములమ్మత్తకు చెప్పు. ఆయప్ప వచ్చేలోగా చెప్పు."

రెండు దినాలు తిరిగాను ఆ ఇంటి ముందు. మూడోనాడు పోయాను. అత్త వసారాలో కూర్చొని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. చెప్పడం మొదలుపెట్టాను. పంచాంగం, పున్నమి, లెక్క అని ఎక్కడినుంచో ఎత్తుకున్నాను.

"అవన్నీ నాకెందుకప్పా. నేరుగా చెప్పు."

"ఆ పొద్దు పండగ కాదత్తా. నా లెక్క తప్పు. అయ్యగారు మరిచిపోలేదు. ఆయప్పను మనం పిలిచింది లేదు, మామకు బాగలేదని చెప్పింది లేదు. తప్పని నాకు ముందే తెలుసు. దాచినాను."

ఆమె చేతిలోని కాయ ఒలవడం ఆపలేదు. పది కాయలు ఒలిచి ఉంటుంది.

"బస్సు చెడిపోయిందంటివే?"

"అబద్ధమత్తా."

"మంచం మీద ఎండలో పెట్టించి, అబద్ధం చెప్పినావు." ఆమె గొంతు పెరగలేదు. "ఇన్ని దినాలు ఆ అయ్యను నేను తిట్టని తిట్టు లేదు. కంటికి కనపడని మనిషిని. ఆ పాపం ఎవురిది?"

"నాది."

"ఈడ చెబితే చాలదు. నాకొక్కదానికి చెబితే నువ్వు తేలికయితావు. గుడిలో అందరి ముందర చెప్పు. అయ్యగారు తన్ను గుర్తుపెట్టుకోలేదని అనుకుంటానే పోయినాడు మా ఇంటాయన. అది కాదని అందరికీ తెలియాల."

శనివారం సిద్ధపాటు కూడికలో అయ్యగారు మామూలుగా అడగవలసింది అడిగారు, ఎవరి మనసులోనైనా దాచిన సంగతి ఉంటే చెప్పుకొమ్మని. మా సంఘంలో ఆ ప్రశ్న తర్వాత ఎప్పుడూ నిశ్శబ్దమే. నేను లేచాను. అంతా చెప్పాను, మనిషిని పంపకపోవడం కూడా.

వెనకనుంచి ఒకరు, "అయితే రేపు మళ్లా కోడి కొయ్యాల్నా? ఉండేది ఒకటే," అన్నారు. కొందరు నవ్వారు. ఇంకొకరు, "నలభై దినాలు మమ్మల్ని పస్తులు పెట్టి, పెద్దరికం చేసినాడు చూడు," అన్నారు. ఆ రెండు మాటలూ నాకు తగినవే.

అయ్యగారు చిన్నవయసు వారు. పంచాంగం పున్నమి వేరు, సంఘం పట్టికలో పున్నమి వేరనీ, ఈ ఏడు పట్టికలో అది ఒకరోజు ముందు, ఇరవైన పడడంతో, ఏప్రిల్ పున్నమికి పోవలసి వచ్చిందనీ వివరించారు. ఒక్కరోజు తేడాకు ఒక నెల. "చదువుకున్నవాళ్లు కూడా పొరబడే ఏడాది ఇది. ఒప్పుకున్నారు. దేవుడు క్షమిస్తాడు, కూర్చోండి," అన్నారు.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. పొరపాటు లెక్కది అన్నట్టుగా అయిపోయింది. లెక్క తప్పడం ఎవరికైనా జరుగుతుంది. నేను చేసింది అది కాదు కదా.

రాములమ్మ అత్త ఆడవాళ్ల వైపునుంచి లేచింది. "అయ్యా, దేవుడు క్షమిస్తాడు, మీరూ క్షమించినారు. నన్ను ఎవురూ అడగల్యా."

అయ్యగారు నా వైపు చూశారు. నేను ఆమె వైపు తిరిగి చేతులు జోడించాను. "అత్తా, నన్ను క్షమించు."

"ఇప్పుడు కాదు," అన్నది. "నోటితో అనమంటే అంటా. మనసులో లేంది ప్రభువు రొట్టె బల్ల ముందర అనకూడదు కదా. అయ్యా, ముందు మిమ్మల్ని తిట్టినందుకు నన్ను మన్నించండి. రేపు నేను రొట్టె తీసుకుంటా. ఈయప్ప సంగతి ఈయప్పది."

మరునాడు పండుగ. ద్రాక్షరసం గిన్నె పట్టుకొని అయ్యగారి పక్కన నిలబడేది ప్రతిసారీ నేనే. ఆ రోజు నేను పోలేదు. అయ్యగారు రెండుసార్లు కళ్లతో పిలిచారు. తప్పు చేసినందుకు రొట్టె తీసుకోను బల్లకు రాకుండా ఆపినవాళ్లు కూర్చునే చాప తలుపు దగ్గర ఒకటి ఉంటుంది. ఎవరెవరు అక్కడ కూర్చోవాలో పన్నెండేండ్లుగా నేనే చెప్పేవాడిని. అక్కడినుంచి చూస్తే ముందరివాళ్ల వీపులు తప్ప బల్ల కనబడదని ఆ రోజు తెలిసింది. కూర్చున్నవాళ్లను ఎవరూ ఆ సంగతి అడగలేదు, నేనూ అడగలేదు.

రాములమ్మ అత్త తెల్లచీర కట్టుకొని ముందుకు పోయింది. మోకాళ్లమీద కూర్చుని లేవడానికి కష్టపడితే మేరీ చెయ్యి పట్టుకున్నది. తిరిగి వస్తూ నన్ను చూడలేదు.

ఆరాధన అయిపోయి అందరూ బయటికి పోతుంటే, తలుపు దగ్గర ఆమె ఆగింది. చెప్పులు వెతుక్కుంటూ నాతోనే అన్నది.

"అయ్యగారు మళ్లా ఎప్పుడొస్తారు?"

"లెక్కపెట్టి—"

"నువ్వు లెక్క పెట్టాకు. పోయి అడుగు."

పోయి అడిగాను. జూన్ పది, పెంతెకొస్తు పండుగ అన్నారు. నా పుస్తకంలో ఆయన చేతనే రాయించుకొని, వచ్చి ఆమెకు చదివి వినిపించాను.

"జూన్ పది," అని ఒకసారి తనలో తాను అనుకున్నది. చెప్పులు తొడుక్కున్నది.

"నీ సంగతి ఆ పొద్దుకు చూద్దాంలే," అని మెట్లు దిగిపోయింది.