చెలకకు తోడు

పాలకు తోడేయడం నా పని. తెల్లారి ఆ పెరుగు మీది మీగడ మా ఆయనది, పెరుగు మా అత్తది, గిన్నె కడిగిన మజ్జిగ నాది. అడుగున ఒక్క చెంచాడు మాత్రం ఎవరూ ముట్టరు. అది రేపటి తోడు.

ఆ ఏడు, అంటే ఎనభై మూడులో, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి మా మెట్ట చెలకను ఇటుకబట్టీ వీరభద్రం అడిగాడు. పై మన్నంతా చెక్కుకుపోతాడట. చెలక చచ్చిపోయిందని ఊళ్లో అందరూ అనేవాళ్లు. ఎరువు మూటలు, పురుగుమందులు తాగి తాగి నేల తెల్లబడింది. ఈ వానాకాలం పల్లి పండకపోతే మన్ను నీదేనని మా ఆయన సారంగపాణి మాట ఇచ్చేశాడు. ఆ చెలకలో పెళ్లయినప్పటినుంచీ నడుం వంచింది నేను. నన్నెవరూ అడగలేదు.

అంతలో వ్యవసాయ ఆఫీసరొకాయన వచ్చి, మా అరుగు మీద మగవాళ్లకు ఒక నల్లపొడి పొట్లం చూపించాడు. అందులో కంటికి కనబడని జీవాలుంటాయట, పల్లి వేళ్లలో కాపురం పెట్టి గాలిలోని సత్తువను మొక్కకు అందిస్తాయట. మగవాళ్లు నవ్వారు. చాయ్ గ్లాసులతో తలుపు వెనక నిలబడ్డ నాకు నవ్వు రాలేదు. ఇది తోడే కదా అనిపించింది. ఆయన వదిలి వెళ్లిన పొట్లాన్ని నీళ్లకుండ పక్కన చల్లగా దాచాను. "ఇంట్ల పురుగులను సాదుతాంది నా కోడలు" అని అత్త వాడంతా చెప్పుకొచ్చింది.

మిర్గం కార్తె వానలు పడగానే బెల్లం నీళ్లలో పొడి కలిపి, పల్లి గింజలకు పట్టించి నీడన ఆరబెట్టాను. పశువులకు నీళ్లు పెట్టి వచ్చేసరికి మా ఆయన ఆ గింజలకు చీమల మందు కలుపుతున్నాడు.

"బెల్లానికి చీమలు పట్టినయ్. నువ్వు మల్ల ఏరుకుంట కూసుంటవని నేనే మందు కలిపిన."

కోపం రావాలి, రాలేదు. ఆ ముఖంలో నిజంగానే ప్రేమ ఉంది. అదే నా బాధ. కుట్టు నేర్చుకోను మడికొండకు పోతానంటే "ఎండల నీకెందుకు తిప్పలు" అని మాన్పించాడు. అదే ఎండలో చెలకలో కలుపు తీశాను, అది ఆయనకు ఎండలా కనబడలేదు. బస్సులో నాకు వాంతులవుతాయని, పుట్టింటికి తీసుకెళ్లడానికి వచ్చిన మా అన్నను తనే వెనక్కి పంపాడు. ఆయన మంచితనానికి ఎప్పుడూ నా మాట అక్కర్లేదు. చీమలను చంపే మందు ఆ కనబడని జీవాలనూ చంపుతుంది. నన్నడిగితే చెప్పేదాన్ని.

చాటలో కొన్ని గింజలు మందు తగలకుండా మిగిలాయి. వాటిని చెలకలో ఒక మూలన నేను విత్తాను. మిగతావి ఆయన విత్తాడు.

పూతకొచ్చేసరికి చెలకంతా పసుప్పచ్చ, ఆ మూల ఒక్కటే చిక్కటి ఆకుపచ్చ. వీరభద్రం వచ్చి గట్టు మీద నిలబడ్డ రోజు ఆ మూల నుంచి ఒక మొక్క పీకాను. వేళ్లనిండా ఆవగింజలంత బుడిపెలు. ఒకటి గోటితో చిదిమితే లోపల ఎర్రగా, బతికున్న రంగు.

"ఒక్క మూలనే గద, యాకమ్మా," అన్నాడు మా ఆయన. "చెలకంత ఏమైతది?"

"గంజెడు పాలకు ఎంత తోడు కావాలె?" అన్నాను. "ఈ మూల మన్నే తోడు. వచ్చే పంటకు చెలకంత చల్లుత."

ఆయన ఎన్నడూ తోడేసిన మనిషి కాదు. మన్ను ఇచ్చేది లేదని వీరభద్రంతో నేనే చెప్పాను. మా ఆయన నావైపు వింతగా చూశాడు గానీ కాదనలేదు.

ఆ సాయంత్రం పాలు కాచిన గంజు గిన్నెను, తోడు చెంచాను తెచ్చి ఆయన ముందు పెట్టాను. వేడి ఎక్కువుంటే తోడు చస్తుంది, వేలు పెట్టి చూసుకొమ్మన్నాను. ఆయన వేలు ముంచి, నా ముఖంలోకి చూశాడు.

"ఇప్పుడెయ్యాల్నా?"

పెళ్లయ్యాక ఆయన నన్ను అడిగి ఒక పని చేయడం అదే మొదలు. జవాబు చెప్పడానికి నేనేం తొందరపడలేదు.