హుస్సేన్ ఎత్తిన చెయ్యి

కామారెడ్డిలో పండ్ల డాక్టరు చెప్పిన మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పై పండ్లు కదులుతున్నయ్. తీసెయ్యాలె. ఇగ సాక్సోఫోన్ ఊదుడు బందు పెట్టుకో తాతా" అన్నాడు, గోళ్లు కత్తిరించినంత తేలిగ్గా.

"ఊదుడు బందు పెడితే ఈయన మనిషిగ ఉంటడా?" అని నేనూ గట్టిగానే అడిగాను. ఎల్లారెడ్డి దవాఖానలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని. డాక్టర్లంటే భయం నాకెప్పుడో పోయింది. ఆయన కొంచెం తగ్గి, కట్టుడు పళ్లు పెడతాం కానీ ఆ గొట్టం మూతి ఆనేది పై పళ్ల మీదే కాబట్టి, మళ్లీ ఊదడం వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. సోమవారం పళ్లు తీయించుకోవడానికి రమ్మన్నాడు.

మా ఆయన అబ్రాహాము మాత్రం ఎవరి పళ్ల గురించో మాట్లాడుతున్నట్టు నవ్వుతూ కూర్చున్నాడు. వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాదులో ఒక క్లబ్బులో జాజ్ వాయించేవాడు. క్లబ్బు మూతపడ్డాక ఎల్లారెడ్డి వచ్చి హుస్సేన్ బ్యాండులో చేరాడు. భిక్నూర్ నుంచి నిజాంసాగర్ దాకా ఈయన ఊదని పెళ్లి బరాత్ లేదు. అంత ఊదినా ఒక్కటంటే ఒక్క పాట ఎక్కడా దాచిపెట్టి లేదు. ఫోన్లలో పెళ్లి వీడియోలు ఉన్నాయి, నిజమే. వాటిలో డప్పుల మోత, పిల్లల ఈలలు తప్ప ఈయన ఊపిరి వినపడి చస్తేగా!

"పా, స్టూడియోకు పోదాం. పండ్లు ఉండంగనే రికార్డు చేపిద్దాం" అన్నాను.

"ఏం వాయించమంటవ్ సిస్టరమ్మా?" అన్నాడు. ఉద్యోగం అయిపోయినా ఆ పిలుపు పోలేదు.

"నీ ఇష్టం. సికింద్రాబాద్‌ల వాయించినట్టు వాయించు."

"గట్లయితే మీ అమ్మ పాట ఎత్తుకుంట."

మా అమ్మ ఈరవ్వ నాగిరెడ్డిపేట పొలాల్లో నాట్లేస్తూ ఒక పాట పాడేది. పెళ్లయిన కొత్తలో ఈయన గట్టు మీద కూర్చుని దాన్ని నేర్చుకున్నాడు. ఇంట్లో ఎప్పుడు మొదలుపెట్టినా నేను అన్నానికి పిలిచేదాన్ని, లేదంటే బరాత్ ఉందని హుస్సేన్ పిలిచేవాడు. అందుకని దాన్ని మొత్తం విన్నవాళ్లు ఎవరూ లేరు.

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో మా చర్చి మనిషి జాన్‌కు రికార్డింగ్ స్టూడియో ఉంది. మర్నాడు సాక్సోఫోన్ తీసుకుని అక్కడికే పోయాం. డబ్బు మాట ఎత్తితే "నా పెండ్లికి ఊదిండు, ఊకో అమ్మా" అన్నాడు. ఆ మాటకే నాకు కడుపు నిండింది. ఈయన మొదలుపెట్టగానే మా అమ్మ గొంతు గదంతా పరుచుకుంది. సరిగ్గా ఒక చరణం అయ్యిందో లేదో, టక్కున ఒక సినిమా పాటలోకి దూకాడు. అందులోంచి ఇంకో పాటలోకి!

"తాతా, గదేంది? మంచిగ పోతుంటే!" అన్నాడు జాన్.

మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే చోట దూకాడు. ఎన్నిసార్లు చేసినా అంతే. చివరికి చెమట తుడుచుకుంటూ, "నేను మారుస్తలేను బిడ్డా. వేళ్లే మారుస్తున్నయ్" అన్నాడు.

సంగతి నాకు అర్థమైంది. బరాత్‌లో ఏ పాటా చివరిదాకా సాగదు. ఒక చరణం కాగానే పెళ్లికొడుకు దోస్తులు "మార్చుండ్రి!" అని అరుస్తారు. బ్యాండు మాస్టరు హుస్సేన్ విజిల్ వేసేవాడు. వేయగానే పాట మారాలి. ఇన్నేళ్ల విజిల్ ఈయన వేళ్లలోకి దిగిపోయింది.

"నాతోని ఇన్నేండ్లు సంసారం చేసినవ్, ఒక్క పాటతోని చివరిదాక ఉండరాదా?" అని కసురుకున్నాను.

నవ్వాడు గానీ కళ్లు నవ్వలేదు. "పండ్లు పోతే పోనీ రాణీ. మీ అమ్మ పాటను నేను ఎట్ల ముగిస్తనో నాకే తెల్వదు. తెల్వకుండనే పోతదా?" అన్నాడు.

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. ఎల్లారెడ్డిలో బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా హుస్సేన్ ఇంటికి నడిచాను. డీజేలు వచ్చాక బ్యాండు మూసుకుని, భుజం నొప్పితో ఇంటిపట్టునే ఉంటున్నాడు పాపం. అయినా నేను ఆగలేదు.

"అన్నా, నీ విజిలే మా ఆయన పాటను మింగింది. నువ్వే కక్కియ్యాలె" అని సంగతంతా చెప్పాను.

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "నిజమే చెల్లె. రేపు నేనొస్త" అన్నాడు.

"చాయ్ కప్పు లేపనీకే అమ్మో అంటరు, కామారెడ్డి పోతరా!" అంది ఆయన భార్య బిల్కిస్. అంటూనే లోపలికి పోయి ఇస్త్రీ చొక్కా తీసి పెట్టింది.

మర్నాడు స్టూడియోలో హుస్సేన్ మా ఆయనకు ఎదురుగా నిలబడ్డాడు. "ఇగో అబ్రాహాం, విజిల్ తేలేదు. నా చెయ్యి జూడు. ఇది పైన ఉన్నంతసేపు పాట మార్చకు. దించినంకనే ఆపు" అని కుడిచెయ్యి పైకెత్తాడు.

పాట మొదలైంది. చరణం అయిపోయే చోటు రాగానే మా ఆయన వేళ్లు తడబడ్డాయి. నేను యేసయ్యా అనుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి హుస్సేన్ చెయ్యి ఇంకా పైకి లేచి ఉంది. పాట రెండో చరణంలోకి పోయింది! అక్కడి నుంచి మా ఆయన దాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. కాసేపు అల్లరిగా ఊదాడు, కాసేపు ఎవరితోనో తగువాడుతున్నట్టు ఊదాడు. ఒకచోట మా అమ్మ నడుం వంచి తీసే కూనిరాగం ఉన్నదున్నట్టు వినపడింది. అమ్మ పోయిన ఇన్నేళ్లకు ఆ రాగం మళ్లీ నా చెవిన పడింది. ఈ మనిషిని నాకిచ్చినందుకు దేవునికి వందనాలు చెప్పుకుంటూ, చప్పుడు రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

హుస్సేన్ చెయ్యి కొంచెం కొంచెంగా కిందికి జారడం మొదలైంది. నొప్పికి ముఖమంతా చెమట పట్టింది. నేను చప్పుడు చేయకుండా వెళ్లి ఆయన మోచేతి కింద రెండు చేతులూ పెట్టి ఆపాను. ఆయన నా వైపు చూడనైనా లేదు. మా ఆయన మెల్లగా పాట మొదటికి వచ్చి, దాన్ని కిందికి, ఇంకా కిందికి దించి, ఊపిరి సన్నబడేదాకా ఊది ఆపాడు.

హుస్సేన్ చెయ్యి ఇంకా పైనే ఉంది.

"నేను దించనే లేదు గదరా. ఎందుకు ఆపినవ్?" అన్నాడు.

"అయిపోయింది రా హుస్సేన్" అన్నాడు మా ఆయన. నోట్లోంచి గొట్టం తీసి మమ్మల్నందరినీ మార్చి మార్చి చూశాడు. "పాట అయిపోయింది."

నేను హుస్సేన్ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా కిందికి దించి, భుజం రుద్దాను. "నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె అన్నా" అన్నాను ఏడుస్తూ. ఆయన మూలుగుతూనే నన్ను పక్కకు జరిపాడు.

"రుణం సంగతి తర్వాత. పండ్లున్నయ్ గద ఇంకా, ఇంకో పాట ఎత్తుకో" అంటూ మళ్లీ చెయ్యి ఎత్తబోయాడు.

"వద్దు, కూసో రా" అన్నాడు మా ఆయన. "ఎక్కడ ఆపాల్నో ఇగ నాకే తెలుస్తది."